వంతెన కాపరికి ఒకటే నీడ

ఆ వీడియో చూసేటప్పటికి నా చేతిలో ఎవరిదో పై దవడ ఉంది. మైనంలో పద్నాలుగు పళ్లూ కుదిర్చి చిగుళ్లు దిద్దుతున్నాను. ఎదురుగా నిలబెట్టిన ఫోన్లో జడ్జి పళ్లికిలిస్తూ, "వంతెన కాపరికి నీడ ఒకటే ఉందని మొట్టమొదట గమనించింది నేనే" అన్నాడు. నా బొటనవేలు ముందు పళ్లలోకి దిగిపోయింది. పొద్దుటి నుంచి చేసిన పని అంతా పోయింది. మా కట్టుడుపళ్ల ల్యాబ్ మేడమ్ కళ్లజోడు పైనుంచి చూసి, "ఎవరి మీద కోపం ఆ పళ్ల మీద చూపిస్తున్నావు?" అంది.

ఎవరి మీదో చెప్తాను.

జడ్జి అంటే కోర్టులో జడ్జి కాదు. డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడు. పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు పెట్టుకుని బతికే మనిషి. ఎవరు నోరు తెరిచినా ఆ బ్రేకు తొక్కడం ఆయనకి అలవాటైపోయింది. ఎవరేం చెప్పినా తీర్పు ఇస్తాడు కాబట్టి ఆ పేరు మేమే పెట్టాం. పెట్టి నెత్తిన ఎక్కించుకున్నాం.

మేమంటే 'రెండు సూర్యుల నగరం' అనే యానిమేషన్ సీరియల్ పిచ్చి పట్టిన ఆరుగురం. ప్రతి ఆదివారం పొద్దున జిరాక్స్ బాబాయ్ దుకాణం వెనక గదిలో, కాగితాల కట్టల మీద కూర్చుని ఆ నగరం గురించి కొట్టుకుంటాం. ఆ లోకంలో ఆకాశంలో రెండు సూర్యుళ్లు, ఒకటి తెల్లది, ఒకటి ఎర్రది. మనిషికీ, మానుకీ, పిట్టకీ రెండేసి నీడలు. నగరం చుట్టూ లోయ, లోయ మీద ఒకటే వంతెన, ఆ వంతెన మీద పగలూ రాత్రీ నిలబడి ఉండే గడ్డపాయన పేరే వంతెన కాపరి. మూడు సీజన్లుగా ఆయన అక్కడి నుంచి కదల్లేదు. అంత విశ్వాసం ఏమిటి, ఎవరి మీద, అని మేం గొంతులు పోయేలా వాదించుకున్నాం.

మా దగ్గర ఒక పెద్ద పుస్తకం ఉంది. జిరాక్స్ బాబాయ్ మూడొందల తెల్లకాగితాలు కుట్టించి ఇచ్చాడు. నా దస్తూరి బాగుంటుందని రాసే పని నాకు అప్పజెప్పారు. పుస్తకం ముందు భాగంలో ఏ సంగతైనా ఎక్కాలంటే ఎపిసోడ్ నంబరు, నిమిషం, గమనించినవాళ్లు ఎవరో, మూడూ ఉండాలి. అవి లేని సంగతులు వెనక పేజీల్లోకి పోతాయి. వాటికి తప్పుల పేజీలని పేరు. కుడిచేతిలో ఉన్న గిన్నె మరుక్షణం ఎడమచేతిలోకి వచ్చిందనుకోండి, అది బొమ్మలు గీసినవాళ్ల పొరపాటు, అక్కడ పడేస్తాం. తప్పుల పేజీల్లో ఎవరి పేరూ రాయం. చెత్తబుట్టకి పేరెందుకని జడ్జి తీర్పు.

ఇక మా వదిన. అన్నయ్య సరుకుల లారీ మీద నెలలో పాతికరోజులు బయటే ఉంటాడు. ఇంట్లో నేనూ, వదినా. తను ఫోటో స్టూడియోలో పనిచేస్తుంది. పాస్‌పోర్టు ఫోటోలు. రోజంతా జనాన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం కొంచెం పైకి, భుజం కొంచెం కిందకి అని చెప్పడమే పని. మొదట్లో నేను సీరియల్ చూస్తుంటే, "ముప్పై దాటినా ఈ బొమ్మలేంటే" అని వెక్కిరించేది. తర్వాత బట్టలు మడతపెడుతూ ఓ కన్నేసింది. తర్వాత మడతలు మానేసి నా పక్కన చేరింది. ఒక్క పేరూ గుర్తుండదు మహాతల్లికి. రాణి అంటే 'మెడ పొడుగావిడ', సేనాపతి అంటే 'నిద్ర చాలనోడు', వంతెన కాపరి 'గడ్డమాయన'.

ఒక సోమవారం సాయంత్రం ఉన్నట్టుండి రిమోటు లాక్కుని బొమ్మ ఆపేసింది.

"ఆ గడ్డమాయన అక్కడ లేడు."

"ఎదురుగా నిలబడి ఉంటే లేడంటావేంటి వదినా?"

"కళ్లు చూడు. మా స్టూడియోలో రెండు లైట్లు పెడతాం. ఫోటోలో ప్రతి కంట్లోనూ రెండు చుక్కలు పడతాయి. ఈ ఊళ్లో అందరి కళ్లల్లోనూ రెండు చుక్కలున్నాయి, ఒకటి తెల్లది, ఒకటి ఎర్రది. ఈయన కంట్లో ఒకటే. నీడా ఒకటే. ఆ నీడ కూడా పక్కకి పడట్లేదు, కిందకి పడుతోంది. నెత్తి మీద ఎవరో ఒక దీపం వేలాడదీసినట్టు. ఈయన్ని ఎక్కడో గదిలో పెట్టారు. బొమ్మ మాత్రం తెచ్చి వంతెన మీద అతికించారు. మేం వెనక తెర కత్తిరించి మార్చమూ, అలాగ."

మూడేళ్లుగా పుస్తకం నింపుతున్న ఆరుగురికీ తట్టనిది, పేర్లు కూడా తెలియని మనిషి పట్టేసింది. "వచ్చే ఆదివారం నాతో రా" అన్నాను. సంబరపడిపోయింది. వారమంతా స్టూడియో నుంచి ఆలస్యంగా వచ్చింది. ఎందుకని నేను అడగలేదు.

ఆదివారం పూట సెలవు పెట్టి, ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. జిరాక్స్ దుకాణం మెట్ల దగ్గర, అంచులు అంటించిన తెల్ల కవరు ఒకటి నా చేతిలో పెట్టింది. "స్టూడియోలో ప్రింటు తీశాను. నువ్వు చూపించు, వాళ్ల పద్ధతులు నాకు తెలీవు" అంది. నేను సంచి పక్క జేబులో దోపాను.

లోపలికి వెళ్లాక వదిన గొంతు సవరించుకుని, "ఆ గడ్డమాయన ఉన్నాడు కదండీ..." అని మొదలుపెట్టింది.

జడ్జి బ్రేకు తొక్కాడు. "ఏ గడ్డం మేడమ్? ఈ సీరియల్లో పదిహేడు గడ్డాలున్నాయి."

అందరూ విరగబడి నవ్వారు. వదిన తడబడుతూనే దీపం గురించి, కంట్లో చుక్క గురించి చెప్పింది. మధ్యలో రాణిని మెడ పొడుగావిడ అనేసింది. మళ్లీ నవ్వులు.

"ఎపిసోడ్ నంబరు చెప్పండి. నిమిషం చెప్పండి" అన్నాడు జడ్జి.

వదిన నా వైపు చూసింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంతమందిలో నా పరువు తీస్తోందనిపించింది. "వదిన కొత్త, వదిలెయ్యండి" అన్నాను.

"గీసినవాళ్ల బద్ధకం ఇది. రెండో నీడ గీయడానికి ఒళ్లు బరువు. తప్పుల పేజీలో వెయ్యి" అన్నాడు జడ్జి. వేశాను. వదిన పుస్తకం వైపూ, నా సంచి వైపూ చూసి ఊరుకుంది. ఆ తర్వాత మళ్లీ రాలేదు. ఇంట్లో కూడా నేను సీరియల్ పెడితే లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది. అలిగిందిలే, అదే తగ్గుతుందిలే అనుకున్నాను.

నాలుగు నెలలు గడిచాయి. పోయిన వారం ఎపిసోడ్లో నిజం బయటపడింది. రాణిగారి కోట కింద చీకటిగదిలో, ఒక్క దీపం కింద, గొలుసులతో వంతెన కాపరి. పైన వంతెన మీద ఉన్నది అద్దాలతో పంపిన బొమ్మ. నేను కుర్చీలోంచి లేచి, "వదినా!" అని కేక పెట్టాను. వచ్చి చూసింది. "చెప్పానుగా" అని వెళ్లిపోయింది. అప్పటికి నాకు తెలియనిదేంటంటే, ఆ ఎపిసోడ్ రావడానికి పదిరోజుల ముందే జడ్జి తన యూట్యూబ్ చానెల్లో ఇదంతా తన బుర్రలోంచి పుట్టినట్టు వీడియో పెట్టాడు. ఇప్పుడు లక్షలమంది ఆయన్ని ఆకాశానికెత్తుతున్నారు. ఇంటర్వ్యూలట. నేను మైనం పళ్లు చిదిపేసింది ఆ ఇంటర్వ్యూ చూసే.

ఆదివారం దాకా ఎలా ఆగానో నాకే తెలీదు. వెనక గదిలో అడుగుపెడుతూనే, "సిగ్గులేదా మీకు? అది మా వదిన చెప్పింది!" అని అరిచాను.

జడ్జి తొణకలేదు, బెణకలేదు. "పుస్తకం తియ్యి చెల్లెమ్మా" అన్నాడు.

తీశాను. తప్పుల పేజీ. నా దస్తూరే, ముత్యాల్లాంటి అక్షరాలు. 'వంతెన కాపరికి ఒకటే నీడ. గీసినవాళ్ల బద్ధకం.' అంతే.

"మీ వదిన పేరుందా? ఎపిసోడ్ ఉందా? నిమిషం ఉందా? చెత్తబుట్టలో వేసింది నువ్వు. నేను ఏరుకున్నాను. మూడు సీజన్లూ మళ్లీ చూసి పందొమ్మిది చోట్ల పట్టుకున్నాను. ఆవిడ ఒక మాట అనేసి వెళ్లింది, కష్టం నాది."

"తప్పుల పేజీలో వెయ్యమన్నది మీరు కాదా?"

"నేనన్నాను. నువ్వు రాశావు. ఆవిడ మాటకి సాక్ష్యముందని ఆ రోజే అంటే ముందు పేజీలో వేసేవాళ్లం. అన్నావా?"

నేను మిగతావాళ్ల వైపు చూశాను. జిరాక్స్ బాబాయ్ కాగితాలు సర్దుతూ, "ఆ రోజు మనమందరం నవ్వాం కదమ్మా. నువ్వు కూడా" అన్నాడు.

ఆయన్ని కొట్టాలనిపించింది. నిజం చెప్పినందుకు.

అక్కడి నుంచి సరాసరి స్టూడియోకి నడిచాను. దారంతా తిట్టుకుంటూనే ఉన్నాను, జడ్జినీ, జిరాక్స్ బాబాయ్‌నీ, చివరికి వదిననీ. అవును, వదిననే. మొహం చెల్లక మనిషి ఎవరో ఒకరి మీద పడాలి కదా. వదిన ఒక ముసలాయన ఫోటో కంప్యూటర్లో పెద్దది చేసి, కళ్లు చూసుకుంటోంది. ఆయన వెళ్లేదాకా ఆగి, తలుపు మూసి, మొత్తం వెళ్లగక్కాను.

"నీకూ బుద్ధుండాలి వదినా! ఎపిసోడ్ నంబరు అడిగితే బెల్లం కొట్టిన రాయిలా నిలబడితే ఎలా? నాలుగు అంకెలు రాసుకుని వస్తే ఇవాళ వాడు ఇలా ఎగిరేవాడా?"

వదిన కంప్యూటర్ మీద నుంచి చెయ్యి తీసింది.

"కవరు ఏం చేశావు?"

"ఏ కవరు?"

అడుగుతూనే నాకు గుర్తొచ్చింది. రోజూ ల్యాబుకి మోసుకెళ్లే సంచే. పక్క జేబులో, బస్సు టికెట్ల కింద, మూలలు నలిగి ఉంది. అంటించింది అంటించినట్టే ఉంది. చింపాను.

నాలుగు షీట్లు. ఒక్కో షీటుకి ఎనిమిది, పాస్‌పోర్టు ఫోటోల్లా వరసగా. ముప్పై రెండు చోట్ల వంతెన కాపరి మొహం, కంట్లో ఒకటే చుక్క. వెనక్కి తిప్పాను. ప్రతి బొమ్మ వెనకా పెన్సిల్‌తో ఎపిసోడ్ నంబరు, నిమిషం, సెకను కూడా. కింద స్టూడియో ముద్ర, నాలుగు నెలల కిందటి తేదీతో. జడ్జి గొప్పగా చెప్పుకున్నది పందొమ్మిది. వదిన వారమంతా ఆలస్యంగా ఇంటికొచ్చింది దీనికోసం.

"విప్పనేలేదా?" అంది వదిన.

నేను షీట్లు బల్ల మీద పెట్టాను.

"అందులో ఉన్నాయి కదా, నువ్వు తీసి చూపిస్తావులే అని నీ వైపు చూశాను. నువ్వు వదిలెయ్యమన్నావు. అంటే నువ్వు చూసేశావు, అవి పనికిరావని నీకు తెలిసింది, నలుగురిలో చెప్పలేక నన్ను కాపాడావు అనుకున్నాను. నాలుగు నెలలుగా అదే అనుకుంటున్నా. అడిగితే నీకు ఇబ్బందని అడగలేదు."

అరిచి ఉంటే బాగుండేది. అరుపులకి నా దగ్గర సమాధానాలుంటాయి. తను మామూలుగానే మాట్లాడింది. వదినకి అంత కోపం రావడం ఈ పదేళ్లలో నేను చూడలేదు.

"పద వదినా. ఇంకా అక్కడే ఉంటారు. ఇవి తీసుకెళ్లి వాడి మొహాన కొడతాను" అన్నాను.

"నువ్వు కాదు, నేను వెళ్తాను."

"నీకు వాళ్ల సంగతి తెలీదు. నేనొస్తాను."

"నువ్వొస్తే మళ్లీ నా తరఫున నువ్వే మాట్లాడతావు." షీట్లు అంచులు సరిచేసి కొత్త కవర్లో పెట్టుకుంది. చీర కుచ్చిళ్లు సర్దుకుంది.

"ఏమని చెప్తావు?"

"ఎపిసోడ్ చెప్తా, నిమిషం చెప్తా. ఇన్నాళ్లూ ఇవి ఎవరి దగ్గరున్నాయని అడుగుతారు కదా. అది కూడా చెప్తా."

వద్దు అనబోయాను. నాలుక చివరిదాకా వచ్చింది. ఆ గదిలో ఆ అయిదుగురి ముందు నా గురించి ఏం చెప్పబోతోందో తలుచుకుంటే చెవులు కాలిపోయాయి. జడ్జి మీద కోపం ఎక్కడికీ పోలేదు, వాడు దొంగే. కానీ వాడు ఎత్తుకుపోవడానికి తలుపు తీసి పెట్టింది నేను. నోరు మూసుకున్నాను.

"ఎవరైనా వస్తే కూర్చోబెట్టు. లైట్లు ముట్టుకోకు" అని చెప్పి వదిన మెట్లు దిగి వెళ్లిపోయింది.

పావుగంటకి ఒకావిడ వచ్చింది. అద్దంలో జుట్టు దువ్వుకుని, స్టూలు మీద కూర్చుని, నన్ను ఎగాదిగా చూసింది.

"ఫోటోలు తీసేది మీరేనా?"

"కాదండీ, మా వదిన. ఆవిడే తియ్యాలి. కాసేపు ఆగండి, వచ్చేస్తుంది" అన్నాను.