బరువు దించిన కాలు

"లెక్కల టీచరువి, బొమ్మలతో నీకేం పని?" అన్నాడు భర్త, పిల్లల్ని మ్యూజియానికి తీసుకెళ్తున్నానని ఆమె చెప్పగానే, ఇస్త్రీ చొక్కా కోసం చెయ్యి చాపుతూ.

ఆమె చొక్కా అందించింది. పెళ్లికి ముందు మట్టితో బొమ్మలు చేసేది. కాపురానికొచ్చిన కొత్తలో అత్తగారు ఆమె గోళ్లు చూసి, "ఈ మట్టి చేతులతోనా మాకు వడ్డించేది?" అంటే ఇంటిల్లిపాదీ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. మళ్లీ మట్టి ముట్టలేదు. గ్రీసు వెళ్లి ఆ పాలరాతి విగ్రహాల్ని ఒక్కసారి కళ్లారా చూడాలన్న ఆశ మాత్రం చావలేదు. "చూద్దాంలే" అనేవాడు భర్త. ఆ చూద్దాంలోనే జుట్టు నెరిసింది.

ఆ మధ్యాహ్నం ఎనిమిదో తరగతి పిల్లల్ని మ్యూజియానికి తీసుకెళ్లింది. అక్కడున్నది ప్రాచీన గ్రీకు దేవత విగ్రహానికి ప్లాస్టర్ నకలే. అయినా ఆమె పిల్లల్ని నేరుగా దాని ముందుకే నడిపించింది.

"భుజాల మీదుగా ఒక గీత, నడుం మీదుగా ఒక గీత ఊహించుకోండి. సమాంతర రేఖలేనా?"

"అవును టీచర్!"

"తొందరపడకండి. పొడిగించి చూడండి."

పిల్లలు దూరం నుంచే స్కేళ్లు ఎత్తి, ఒక కన్ను మూశారు. "ఒక పక్కన కలిసిపోతాయి టీచర్!"

"ఎందుకంటే, ఒంటి బరువంతా ఒక్క కాలి మీదే మోపింది. రెండో కాలికి విశ్రాంతి. అందుకే నడుం ఒకవైపు వాలితే, భుజాలు ఇంకోవైపు వాలాయి."

విశ్రాంతి అన్న మాట దగ్గర ఆమె గొంతు తగ్గింది. ఎవరో శిల్పి రాతి మనిషికి కూడా ఆ మాత్రం వెసులుబాటు ఇచ్చాడు.

"మీరూ అలా నిలబడండి టీచర్, మీ గీతలు కొలుస్తాం" అంది అందరూ బుంగమూతి అని పిలిచే పిల్ల.

సిగ్గుపడుతూనే నిలబడింది. ఎంత ప్రయత్నించినా రెండు కాళ్లూ బిగుసుకునే ఉన్నాయి, పొయ్యి ముందు నిలబడ్డట్టు.

"ఒక కాలు వదిలెయ్యండి టీచర్, ఎవరూ ఏమీ అనరు."

మోకాలు సడలింది. నడుం ఒరిగింది, భుజం జారింది. బుంగమూతి ఒక దారం చివర బరువు కోసం చెరిపే రబ్బరు కట్టి, రెండో కొసను ఆమె మెడ గుంట దగ్గర పట్టుకుంది. దారం తిన్నగా బరువు మోస్తున్న కాలి చీలమండ దగ్గరికి దిగింది.

"అచ్చం ఆవిడలాగే!"

ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒళ్లంటే పనిముట్టు కాదని తెలిసిన, తనలోని ఆ పాత అమ్మాయి మీద బెంగ పుట్టుకొచ్చింది, తప్పిపోయిన చెల్లెలి మీద పుట్టినట్టు.

బ్యాగులో ఫోన్ మోగింది. ఇంటి నుంచే. అత్తగారి టీ వేళ.

"కదలకండి టీచర్, కోణం ఇంకా కొలవలేదు!"

ఫోన్ మోగి మోగి ఆగింది. మళ్లీ మొదలైంది.

"కదలను" అంది ఆమె. "మీరు నెమ్మదిగా కొలవండి."