నొప్పి లేని జాగ

నారాయణదాస్ ఎడమ కాలి బొటనవేలి మీద పుండు మానలేదు. శుక్రవారం నాటికి ఒంట్లో చక్కెర తగ్గకపోతే పాదం తీసేయాల్సి వస్తుందని నిజామాబాద్ దవాఖానలో డాక్టర్ చెప్పాడు. ఆర్మూర్‌లో పసుపు అడ్తి దుకాణం నడిపే మనిషి రాశుల మధ్య తిరగాలి, వంగి కొమ్ము తీసి విరిచి చూడాలి. పాదం పోతే దుకాణం పోయినట్టే.

అతని భార్య వసుమతి ఏడాదిగా చెయ్యగలిగిందంతా చేస్తోంది. అన్నం మాన్పించి జొన్నరొట్టె పెట్టింది. ఇన్సులిన్ సీసాను తడి ఇసుక కుండలో దాచింది. పొద్దున్నే సూదిని మరగబెట్టి తన చేత్తోనే వేసింది. తర్వాత గాజు గొట్టంలో నీలం మందు పోసి, మూత్రం చుక్కలు వేసి, దీపం మీద కాచింది. ఒంట్లో చక్కెర అదుపులో ఉంటే నీలం నీలంగానే ఉండాలి. ప్రతిసారీ ఇటుక రంగుకు తిరిగింది. డాక్టర్ మోతాదు పెంచాడు. ఇటుక రంగు పోలేదు.

ఇంట్లో అందరికీ ఒకటే అనుమానం: అతను చాటుగా తింటున్నాడు. అతని అక్క భాగ్యవతి ఆ మాట పైకే అంది.

"వాడు అడ్తిల కూసుంటె నువ్వు చూడవస్తవా, మరదలా? రైతులు షర్బత్ తెప్పిస్తరు. గొంతు వద్దంటదా?"

వసుమతి బెల్లం పెట్టెకు తాళం వేసింది. అతను దుకాణం నుంచి రాగానే నోరు వాసన చూసింది. పిల్లల మీద ఒట్టు వేయమంది. వేశాడు. ఆమె నమ్మలేదు. చివరికి అతను దుకాణం మూసి రెండు రోజులు ఆమె కళ్ల ముందే కూర్చున్నాడు. అప్పుడూ ఇటుక రంగే.

"ఇగ నా నోరు కుట్టు," అన్నాడు. "సూది నీ చేతిలనే ఉన్నది కద."

శుక్రవారం బస్సెక్కి దవాఖానకు వెళ్లారు. డాక్టర్ తిండి సంగతి అడిగాడు, సీసా చూశాడు. రెంటిలోనూ తప్పు దొరకలేదు. అప్పుడు తన ఎదుట సూది వేయమన్నాడు. వసుమతి భర్త ధోవతి పక్కకు తీసి, కుడి తొడ మీద ఒక చోట సూది ఆనించింది. చోటు వెతుక్కోలేదు. డాక్టర్ ఆమెను ఆపి అక్కడ వేలితో నొక్కాడు.

"రోజు గిక్కడనేనా, అమ్మా?"

"గిక్కడనే. వేరే తాన వేస్తె ఉలిక్కిపడుతడు. గీడ నొప్పి తెల్వదు."

అక్కడ నిమ్మకాయంత గడ్డ ఉంది. పని చేసే చేతులు కాయలు కాచినట్టు తొడ సూదికి అలవాటు పడిందని ఆమె ఇన్నాళ్లూ అనుకుంది. ఒకేచోట గుచ్చితే అలా గడ్డ కడుతుందని డాక్టర్ చెప్పాడు. అందులో పడిన మందు నెత్తురుకు సరిగా ఎక్కదు, అందుకే మోతాదు పెంచినా పని చేయలేదు. ఇకనుంచి రోజుకో చోట వేయమన్నాడు. కొత్త చోట మందు బాగా ఎక్కుతుంది కాబట్టి మోతాదు తగ్గించాడు. చెమట పట్టి వణుకు వస్తే వెంటనే చక్కెర నీళ్లు తాగించమన్నాడు. పాదం సంగతి ఇంకో వారం ఆగి చూద్దామన్నాడు.

తిరుగు బస్సులో ఆర్మూర్ దగ్గర పడుతుండగా నారాయణదాస్ అన్నాడు.

"దుకాణంల అందరికి చెప్పుకున్న, మా ఇంటామె సూది వేస్తె వేసినట్టే ఉండదని."

"మీరు తింటున్నరనుకున్న," అంది ఆమె.

"అక్క గూడ అనుకున్నది."

"అక్క సంగతి కాదు."

మర్నాడు పొద్దున పొట్ట మీద సూది ఆనించింది. అతను ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆమె ఆ వేళ్లు ఒక్కొక్కటే విడదీసి, సూది దించింది.

ఆ వారంలో గొట్టంలో మందు రంగు ఇటుక నుంచి నారింజకు వచ్చింది. ఒకనాడు నీలానికి ఒక మెట్టు ముందున్న ఆకుపచ్చ దగ్గర ఆగింది. పుండు ఇంకా తడిగానే ఉంది. వారం తిరిగాక డాక్టర్ దాన్ని చూసి, కోయడం ఇప్పుడే వద్దని, మళ్లీ రమ్మని పంపాడు.

తెల్లవారి ఆమె సూది పట్టుకుని వచ్చేసరికి నారాయణదాస్ మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు.

"ఇయ్యాల ఏడ?" అన్నాడు.

ఆమె ఎడమ తొడ మీద మచ్చ లేని చోటు వెతికి వేలు పెట్టింది. అతను పళ్లు బిగించాడు.