మూలిగే అతుకు

రెండు కర్ర అతుకులూ పరీక్షాశాల బల్ల మీద పక్కపక్కనే ఉన్నాయి. ఒకదానిలో బొటనవేలంత లావు ఉక్కు సీలలు రెండు. అది మామగారిది. రెండోదానిలో పెన్సిలంత సన్న సీలలు ఎనిమిది, కర్రలో ఒకే చార మీద పడకుండా అటొకటి ఇటొకటి. అది కోడలిది. ఆటల హాలుకు వేయబోయే కర్ర కప్పులో ఏ అతుకు పెట్టాలో ఈ పూట తేలిపోవాలి. కార్ఖానా మామగారిది, డ్రాయింగు కోడలిది. ఆమె గీసిన మొదటి కప్పు అది. ఆ సన్న సీలలు తీసేస్తే అందులో ఆమెదంటూ ఏమీ మిగలదు.

"అవి సీలలా, పుల్లలా అమ్మాయ్?" అన్నారు మామగారు.

"చూద్దురుగాని మామయ్యా. ముందు మీదే ఎక్కించండి."

ఆపరేటరు లావు సీలల అతుకును యంత్రం దవడల్లో బిగించి లాగడం మొదలుపెట్టాడు. కప్పుకు కావలసింది ఐదు టన్నులు. యంత్రం మీది ముల్లు ఐదు దాటింది, ఏడు దాటింది. కర్ర కిక్కురుమనలేదు. మామగారి చెయ్యి మీసం మీదికి వెళ్ళింది. తొమ్మిది దగ్గర ఫెళ్ళుమంది. సీల దగ్గర్నుంచి కొసదాకా కర్ర నిలువునా చీలిపోయింది. ముల్లు సున్నాకు పడింది.

"తొమ్మిది! చాలదూ?"

"చాలు. ఇప్పుడు నాది."

ఆమె అతుకు ఐదు టన్నుల దాకా బుద్ధిగానే ఉంది. ఆరు దగ్గర కిర్రుమంది. ఆ తర్వాత ఆగకుండా మూలగసాగింది.

"మీ అత్తయ్య మెట్లెక్కుతున్నట్టుందే!" అన్నారు మామగారు. ఆపరేటరు నవ్వు ఆపుకోలేకపోయాడు.

ఏడున్నర దగ్గర ముల్లు నిలిచిపోయింది.

"అయిపోయింది."

"అవలేదు మామయ్యా. లాగుతూనే ఉండమనండి."

కర్రలు వేలెడంత జరిగాయి. మూలుగు ఎక్కువైంది. ముల్లు మాత్రం దిగలేదు. చివరికి యంత్రమే చాచగలిగినంతా చాచి ఆగింది.

"ఎక్కువ మోసింది మీదే, కాదనను," అంది కోడలు. "కానీ దాని కింద ఉన్నవాడికి బయటికి పరిగెత్తే వ్యవధేదీ?"

మామగారు రంపం తెప్పించి, రెండో అతుకును తానే కోసి విప్పారు. ఎనిమిది సీలలూ నడుం వంచి ఉన్నాయి. ఒక్కటీ విరగలేదు. ఒకదాన్ని ఊడబీకి, వంపు మీద వేలితో నిమిరి చూశారు.

"మూలుగుతూనే ఇన్నేళ్ళూ ఇల్లు మోసింది మీ అత్తయ్య," అన్నారు నెమ్మదిగా.

"ఆ మాట ఇంటికెళ్ళి అనండి."

"అమ్మో! నేననను." సీలను జేబులో వేసుకున్నారు. "సరే, నీదే పెడదాం. కానీ ఒక్కో అతుక్కి ఎనిమిది బెజ్జాలు! ఎవడు వేస్తాడు?"

"మీ అబ్బాయి."

"వాడు మూలుగుతాడే!"

"మూలగనివ్వండి మామయ్యా. మంచిదేగా!"