క్లచ్చు నట్టు మీద పసుపు

ఆ బండిని కళ్లతో చూడకముందే గుర్తుపట్టాను. అనకాపల్లిలో రైలుగేటు అవతల నా మెకానిక్ షెడ్డు. ఆ రోజు మలుపులో ఒక పికప్పు బండి ఇంజను గట్టిగా అరిచింది. అరిచినంతగా బండి కదల్లేదు. గుక్కెడు నీళ్లు తాగినంతసేపు ఆగి, అప్పుడు కదిలింది. నా చేతిలో పానా ఉంది. కింద పెట్టేశాను. ఆ బండి మూడేళ్లుగా బుచ్చయ్యపేటలో దేముడనే డ్రైవరు ఇంటి దొడ్లో పరదా కప్పుకుని ఉందని నాకు తెలుసు. దేముడు ఆ బండిలోనే పోయాడు.

తోలుకొచ్చినవాడు ఏసురాజు. బెల్లం మార్కెట్టుకి బళ్లు తోలుతాడు, నన్ను మావా అంటాడు. దేముడి భార్య చిన్నమ్మలు దగ్గర కొన్నాడట. రెండు నెలలైంది. టైర్లు మార్పించాడు, సొట్టలు తీయించాడు, నీలం రంగు మీద తెల్ల రంగు వేయించాడు. గొంతు మాత్రం అదే.

కాలితో నొక్కితే ఇంజను మోగుతుంది గానీ బండి ఆలోచించుకుంటుందని చెప్పాడు. ఖాళీగా ఉంటే కొంత నయమట. బెల్లం దిమ్మలు ఎక్కించాక ఎత్తు వస్తే వెనక్కే చూస్తుందట. పాస్టరు గారు వచ్చి స్టీరింగు మీద నూనె రాసి ప్రార్థన చేశారు. వాళ్లావిడ రోజలిన్ అద్దానికి సిలువ కట్టింది. ఏదీ పని చెయ్యలేదు. ఇదంతా మామూలుగానే చెప్పి, ఆ తర్వాత గొంతు తగ్గించాడు.

“నవ్వకు మావా. లోపల ఆడున్నాడు, ఇందులో పోయినోడు. నాను నొక్కుతుంటే ఆడు ఒగ్గేత్తన్నాడు.”

నవ్వి ఉంటే బాగుండేది. నాకు నవ్వు రాలేదు.

డీజిలు వైపు నుంచి మొదలుపెట్టాను. ఫిల్టరు విప్పితే అడుగున నీళ్లు, తుప్పు. మూడేళ్లు నిలబడిపోయిన బండికి అది మామూలే. కొత్తది వేశాను. పంపు కొట్టి పైపుల్లో గాలి తీశాను. గాలి ఫిల్టరులో కోడి ఈకలున్నాయి. దులిపాను. యాక్సిలేటరు తీగ పట్టేసిందేమోనని గ్రీజు పెట్టాను. ఒక్కొక్కటీ చేసి, మళ్లీ తోలి చూశాం. ఇంజను శబ్దం నున్నబడింది. బండి మాత్రం ఆగి ఆగే కదిలింది. లోపం డీజిలులో లేదని తేలిన ప్రతిసారీ ఇంకోటేదో విప్పేవాణ్ని. రోగం ఏమిటో నాకు మొదటి మలుపులోనే తెలుసు. తెలిసి కూడా రెండు రోజులు పక్కదారులు వెతికాను.

మూడేళ్ల కిందట దసరా. ఆయుధపూజ రోజు. పానాలు, సుత్తులు, జాకీలు అన్నీ కడిగి, పీట మీద పేర్చి, పసుపూ కుంకుమా పెట్టాను. పూజలో పెట్టిన సామాను మర్నాటి దాకా ముట్టకూడదు. మా నాన్న ముట్టలేదు, నేనూ ముట్టలేదు. సరిగ్గా అప్పుడు దేముడు వచ్చాడు. గేరు పడటం లేదు, కిర్రుమంటోంది, తెల్లారగానే బెల్లం లోడు ఉంది అన్నాడు. పూజలో పెట్టేశానంటే ఎగతాళి చేశాడు.

“ఒక్క పానా తీత్తే అమ్మోరు అలుగుద్దేటి బావా. నా మీద సెప్పు, నాను సూసుకుంతాను.”

పానా తియ్యలేదు. మనిషిని ఉత్తచేతులతో పంపనూ లేకపోయాను. క్లచ్చు తీగ చివర చేత్తో తిరిగే నట్టు ఒకటి ఉంటుంది. పసుపు చేతులతోనే బండి కిందకి దూరి దాన్ని నాలుగు చుట్లు బిగించాను. గేరు మెత్తగా పడింది. దేముడు సంతోషించాడు.

అలా బిగించాక పెడలుకి ఉండాల్సిన వదులు ఉందో లేదో కాలితో నొక్కి చూడాలి. వదులు లేకపోతే క్లచ్చు పూర్తిగా పట్టదు. ఖాళీ బండిలో తెలియదు. బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు జారిపోతుంది, ఇంజను ఎంత అరిచినా చక్రానికి బలం రాదు. ఇది నాకు తెలియని సంగతి కాదు. నేను నొక్కి చూడలేదు. ఇంట్లోంచి భోజనానికి పిలుస్తున్నారు. ఎల్లుండి రా, క్లచ్చు ప్లేటు విప్పి చూస్తానని పంపేశాను.

మర్నాడు పొద్దున్న కాలవ వంతెన ఎత్తు మీద ఆ బండి అరిచి అరిచి, వెనక్కి జారి, కాలవలో పడింది.

పండగ మందు తాగి తోలాడని ఊరంతా అన్నారు. తాగలేదని చిన్నమ్మలు ఇంటింటికీ తిరిగి చెప్పుకుంది. ఎవరూ నమ్మలేదు. ఆయన పేరు పక్కన తాగుబోతు అన్న మాట అలాగే ఉండిపోయింది. పెద్దదినానికి నేను వెళ్లాను. విస్తరి ముందు కూర్చుని భోంచేశాను. ఒక్క మాట చెప్పకుండా వచ్చేశాను. ఆ తర్వాత ఆ రోడ్డు తొక్కలేదు.

మూడో రోజు ఏసురాజు నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

“మావా, పైనంతా సూసేవు. కింద సూళ్లేదు. ఏటి, నీకూ భయవేనా?”

సరే ఎక్కమన్నాను. నేను స్టీరింగు ముందు కూర్చుని హ్యాండు బ్రేకు లాగాను. నాలుగో గేరు వేసి, క్లచ్చు మీద కాలు మెల్లగా తీశాను. క్లచ్చు బాగుంటే ఇంజను ఒక్కసారి ఊగి ఆగిపోవాలి. ఆగలేదు. కాలు పూర్తిగా తీసేసినా ఆగలేదు. బండి కదలకుండా, ఇంజను ఆగకుండా, అలా మోగుతూనే ఉంది. కాలిన వాసన వచ్చింది. ఏసురాజు అద్దానికున్న సిలువని పట్టుకున్నాడు. పక్క సీటులో ఉన్నది ఏసురాజే అని తెలిసినా అటు తల తిప్పడానికి నాకు ధైర్యం చాల్లేదు.

ఇంజను కట్టేసి కిందకి దూరాను. తీగ చివర మట్టి గడ్డకట్టి ఉంది. గుడ్డతో తుడిచాను. మట్టి కింద గ్రీజు, గ్రీజు కింద నట్టు. నట్టు అంచున పసుపు. సొట్టలు తీసినవాళ్లకీ, రంగు వేసినవాళ్లకీ దానితో పని పడలేదు. ఎండా వానా తగలని చోటు, కాలవ నీళ్లూ గ్రీజు దాటలేదు. నా బొటనవేలు ఆనించి చూశాను. ఆ మరక నా వేలంతే ఉంది.

నాలుగు చుట్లు వెనక్కి తిప్పాను. చేత్తోనే.

మళ్లీ ఎక్కి హ్యాండు బ్రేకు లాగి, నాలుగో గేరు వేసి కాలు తీశాను. బండి ఒక్క కుదుపు కుదిపింది, ఇంజను ఆగిపోయింది.

“ఎలిపోయేడా?” అన్నాడు ఏసురాజు.

“ఆడు ఇందులో లేడురా. ఉన్నది నాను.”

అతనికి అర్థం కాలేదు. మొత్తం చెప్పాను. నా ముఖం చూడకుండా విన్నాడు. చిన్నమ్మలుకి ఎవరైనా చెప్పారా అని అడిగాడు. ఎవరు చెప్తారు, నాకొక్కడికే తెలుసు అన్నాను. ఆ బండిని మళ్లీ ఆ జారి జారి అరిగిన ప్లేటుతో పంపడానికి నాకు మనసొప్పలేదు. సాయంత్రం లోపల గేరుబాక్సు దింపి కొత్త ప్లేటు వేశాను. పెడలు వదులు ఎన్నిసార్లు నొక్కి చూశానో నాకే తెలియదు.

మర్నాడు ఏసురాజు తోలుతుంటే నేను పక్కన కూర్చుని బుచ్చయ్యపేట బయల్దేరాను. కాలవ వంతెన వచ్చింది. ఏసురాజు రెండో గేరు వేశాడు. ఆగితే బాగుండునని ఒక్క క్షణం అనుకున్నాను. బండి ఆగలేదు. నొక్కినంత లాగింది, ఎత్తు ఎక్కేసింది.

మేం దిగేసరికే చిన్నమ్మలు గుమ్మంలో నిలబడి ఉంది. బండి వైపు చెవి పెట్టి వింటోంది.

“దీని గొంతు మారిపోయింది” అంది.

నేను గుమ్మం బయటే నిలబడి చెప్పాను. పూజ, పసుపు, నాలుగు చుట్లు, పెడలు నొక్కి చూడకపోవడం, పెద్దదినం భోజనం. ఏదీ దాచలేదు. ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. చివర్న నేను చేతులు జోడించబోతే వద్దన్నట్టు తల ఊపింది.

“ఆయన తాగనేదని నాకు తెల్దేటి అన్నయ్యా. నాకెందుకు సెప్తావు?”

లోపలికి వెళ్లి బిందె తెచ్చుకుని చంకన పెట్టుకుంది.

“బోరింగు కాడ సెప్పు. అందరూ అక్కడే ఉంతారు.”

ఆవిడ ముందు నడిచింది. నేను వెనక నడిచాను. బోరింగు దగ్గర ఏడెనిమిది మంది ఆడవాళ్లు, ఎదురరుగు మీద ముగ్గురు ముసలివాళ్లు. చిన్నమ్మలు తన బిందె వరసలో పెట్టలేదు. పక్కన పెట్టి, ఇతను అనకాపల్లి మెకానిక్కు, మా ఆయన బండి చూసేవాడు, ఒక మాట చెప్తాడు వినండి అంది. బోరింగు కొడుతున్న పిల్ల పిడి వదిలేసింది. నీళ్లు కారడం ఆగిపోయింది.

నేను రెండు చేతులూ ముందుకి చాపాను.

“ఆవేళ నా సేతులకి పసుపుంది” అన్నాను.