శెట్టిబావికి మూడు పిడికిళ్ళు

ఎండిన పాచి వాసన.

చౌడమ్మ తట్ట దించి, బావి గట్టు మీదికి వంగి చూసింది. అడుగున అన్నీ బండలే. నీళ్ళు పోయి ఏళ్ళయింది.

ఆ బండల కింద ఆమె జేజినాయన, నాయనకు నాయన, మారెన్న ఉన్నాడు.

అప్పట్లో ఇక్కడ ఊరెక్కడుంది గనక! ఒక బండిదారి, నాలుగు తుమ్మచెట్లు... అంగడి పెట్టుకోవాలని వచ్చిన శెట్టి ముందు బావి తవ్వించాడు. తవ్వినవాడు మారెన్న. జల పడిన రోజే పైనుంచి బండలు జారాయి. మనిషి కిందే ఉండిపోయాడు.

"నీళ్ళు పడినాయి కదప్పా... ఇంక కదిలిస్తే జల పోతాది" అన్నారు పెద్దలు.

అంతే. వదిలేశారు.

నీళ్ళను చూసి ఉప్పంగడి వచ్చింది. గానుగ వచ్చింది. కాయల మండీ వచ్చింది, బస్సులొచ్చాయి — బావికి శెట్టి పేరు, ఊరికీ శెట్టి పేరు. మారెన్న పిల్లలు మాత్రం ఆ బావిలో చేద వేయకూడదు. దోసిలి పడితే ఎవరో ఒకరు పోయాలి. థూ, ఏం ఊరో!

ఇప్పుడు ఆ జాగా కొన్న బయ్యన్న బావిని పూడ్చి అంగళ్ళు కడుతున్నాడు. మన్ను మోసే కూలికి చౌడమ్మనూ పిలిచాడు.

"అన్నా, ఒక్కపూట ఆగన్నా. ఆ బండలు తీపియ్యి. ఆయప్పను ఎత్తుకోని పోయి మావాళ్ళ పక్కన పూడ్చుకుంటాము."

బయ్యన్న మొహం చిట్లించాడు.

"ఏమ్మే, ఈడ పీనుగుండాదని తెలిస్తే నా అంగళ్ళు ఎవురు తీసుకుంటారు? నోరు మూసుకోని పని చూడు."

జేసీబీ గుర్రుమంది.

చౌడమ్మకు ఏడుపు రాలేదు. చెప్పులు విడిచింది. పూడ్చేటప్పుడు అయినవాళ్ళు వేసే మూడు పిడికిళ్ళ మన్ను — ఒకటి... ఇంకొకటి... ఇంకొకటి...

"పో జేజినాయనా. ఇన్నాళ్ళకు నీకు మన్నేసినాను."

కూలి ఆడవాళ్ళు తట్టలు దించారు. తలా ఒక పిడికెడు వేశారు.

ఆ తర్వాత జేసీబీ వేసింది.

సాయంత్రం చౌడమ్మ ఇంటి ముందుకొచ్చి ఆగిపోయింది. మన్నేసి వచ్చిన మనిషి తలకు పోసుకోకుండా గడప దాటకూడదు.

కోడలు కృపాకుమారి బిందె వంచి చూపించింది. చుక్క లేదు.

"ట్యాంకరు ఎల్లుండొస్తాదంట అత్తా."

చౌడమ్మ బయటే కూర్చుంది. చేతులకు మన్ను అట్లాగే ఉంది...