ఊరికే ఉన్న మనిషి

దుప్పటి ఒక కొస ఆమె చేతిలో, రెండో కొస అత్తగారి చేతిలో ఉండగా ఫోన్ మోగింది. తడి దుప్పటి పిండడం ఇద్దరి పని. ఒకరు కుడికి తిప్పాలి, ఒకరు ఎడమకి తిప్పాలి. పదమూడేళ్ల కాపురంలో అత్తాకోడళ్లు ఎదురెదురు దిక్కులకు తిరిగినా మంచే జరిగిన పని అదొక్కటే. “మోగనీవే, అదే ఆగుతుంది” అన్నారు అత్తగారు. అది ఆగలేదు. ఆమె తన కొసను మోకాళ్ల మధ్య ఇరికించుకుని, ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య పెట్టుకుంది.

“హలో, నగర స్వాగత విభాగమాండీ?”

“కాదండీ, ఇది ఇల్లు.”

“అయ్యో! పుస్తకంలో ఈ నంబరే ఉందండీ. మేం ఈ ఊరొచ్చి నాలుగు రోజులైంది. మా వాడికి తొమ్మిదేళ్లు. సంవత్సరం మధ్యలో ఏ స్కూల్లోనూ చేర్చుకోరట. ఏం చెయ్యాలో తోచడం లేదు.” అవతలి గొంతు వణికింది.

రాంగ్ నంబర్ అని పెట్టేసి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. కానీ ఆ వణుకు ఆమెకు తెలుసు. పదమూడేళ్ల క్రితం ఈ ఊళ్లో మొదటిరోజు కూరగాయల సంచీతో పదకొండో నంబరు బస్సు ఎక్కి, గంటన్నర ఊరంతా తిరిగి, ఎక్కిన చోటే దిగినప్పుడు ఆమె గొంతూ అలాగే వణికింది. ఇంటికొచ్చాక, “ఊరు చూసొచ్చావన్నమాట!” అని భర్త పగలబడి నవ్వాడు. ఎవరైనా ఒక్క ముక్క ముందే చెప్పి ఉంటే బాగుండేదని మాత్రం ఆ నవ్వే మనిషికి తట్టలేదు.

“కంగారు పడకండి” అంది ఆమె. “మొదట్లో అందరికీ అలాగే ఉంటుంది. కాగితం, పెన్నూ తెచ్చుకోండి.” తర్వాత గుక్క తిప్పుకోకుండా చెప్పింది. నీళ్ల ట్యాంకు వెనకాల ఒక స్కూలుంది, అక్కడి హెడ్‌మాస్టరమ్మ మధ్యలో వచ్చినవాళ్లని కూడా చేర్చుకుంటుంది, కానీ ప్రార్థన అయ్యాక ఓ అరగంట ఆగి వెళ్లాలి, ముందు వెళితే ఆవిడ ఆలస్యంగా వచ్చిన పిల్లల మీద కోపంతో ఉంటుంది. పాత స్కూలు కాగితాలు లేకపోయినా ఫరవాలేదు, పిల్లాడి నోట్‌బుక్ ఒకటి పట్టుకెళితే చాలు. బస్సు పదకొండో నంబరే, కానీ రోడ్డు దాటి అటువైపు ఎక్కాలి. మాట ముగించి చూస్తే అత్తగారు దుప్పటి రెండు కొసలూ తానే పట్టుకుని, చీమకు దారి విడిచినట్టు ఓపిగ్గా నిలబడి ఉన్నారు.

భర్త నగరపాలక సంస్థలో ప్రచారాధికారి. ఊరు పెరుగుతోందనీ, కొత్తగా వచ్చేవాళ్లకు ఇక్కడి బతుకు, చదువులు ఎంత బాగుంటాయో చెప్పాలనీ ఆఫీసువాళ్లు ఒక పుస్తకం వేయించారు. రంగుల బొమ్మలు, మేయరమ్మ సందేశం, “శరవేగంగా అభివృద్ధి పథంలో” అని మొదలయ్యే పేరాలు పద్నాలుగు. వాటిలో అచ్చుతప్పులు దిద్దింది ఆమే. ఆయన రాసిన ప్రతి కాగితాన్నీ, వంటయ్యాక గిన్నెలు కడిగే ముందు, ఆమే దిద్దుతుంది. ఆఖరి పేజీలో ‘సందేహాలకు సంప్రదించండి’ అన్నచోట మాత్రం ఆమె చూసినప్పుడు ఖాళీగా ఉంది. ఆ తర్వాత ఆయన అక్కడ ఆమె నంబరు పెట్టాడు. పుస్తకం ఇరవై వేల ప్రతులు అచ్చు వేయించి రైల్వే స్టేషన్లో, బస్‌స్టాండులో, కొత్త అపార్టుమెంట్ల వాచ్‌మెన్ గదుల్లో పంచేశారు.

“ఆఫీసు నంబరు ఇంకా రాలేదోయ్. చోటు నింపడానికి ఊరికే పెట్టాను, మారుద్దామనుకుని మర్చిపోయాను” అన్నాడాయన ఆ సాయంత్రం టీ ఊదుకుంటూ. “రెండు నెలలు ఓపిక పట్టు. నువ్వెలాగూ ఊరికే ఇంట్లోనే ఉంటావుగా!”

ఊరికే. ఆ మాటను ఆమె ఎన్నిసార్లు విందో! పెళ్లికి ముందు ఆమె రెండేళ్లు టీచరు. ఈ ఊరికి మారినప్పుడు ఉద్యోగం వదిలేసింది. వదిలేసింది అంటే ఎవరూ వదిలేయమనలేదు, “ఇప్పుడు నీకెందుకులే” అన్నారు, అంతే. అప్పటినుంచీ ఎవరడిగినా, “మా ఆవిడా? ఊరికే ఇంట్లో ఉంటుంది” అని ఆయన చెబుతూ వచ్చాడు, తప్పుగా చెబుతున్నానని అనుకోకుండానే. ఊరికే ఉన్న ఆ మనిషి తెల్లారి లేచి ఇద్దరికి రెండు రకాల డబ్బాలు సర్దుతుంది, కూతురి చేత లెక్కలు చేయిస్తుంది, అత్తగారి మోకాళ్లకు నూనె రాస్తుంది, ఆయన కాగితాల్లో వత్తులు సరిచేస్తుంది. ఊరికే ఉండడానికి ఇంత పనుంటే, నిజంగా పనిచేసేవాళ్లు ఎలా బతుకుతున్నారబ్బా అని ఆమెకు అప్పుడప్పుడు ఆశ్చర్యం వేసేది. ఆ సాయంత్రం మాత్రం ఆశ్చర్యం కాదు, ఒళ్లు మండింది. అయినా పొద్దున్న ఫోన్లో ఆ తల్లి చివర్లో, “మీరు చెబుతుంటే ఊరు కాస్త చిన్నదైనట్టుందండీ” అంది. ఆ మాట దగ్గర కోపం నిలబడలేదు.

ఫోన్లు వచ్చాయి. రోజుకు పది, పదిహేను. తమాషా ఏమిటంటే, పుస్తకంలో ఉన్నదేదీ ఎవరూ అడగలేదు. ఊళ్లో ఎన్ని పాఠశాలలున్నాయో ఎవరికీ అక్కర్లేదు. మా పాపకి నత్తండీ, నవ్వని టీచరున్న స్కూలు ఏది? గ్రంథాలయంలో చంటిదాన్ని ఎత్తుకుని కూర్చోనిస్తారా? మా మామగారికి పొద్దున్నే ఎవరితోనైనా పేపరు గురించి వాదించాలి, ఏ పార్కుకు పంపాలి? సాయంకాలం చదువులు చెప్పే చోట నాలాంటి నలభై ఏళ్లావిడ చేరితే వింతగా చూస్తారా? తెలిసినవి చెప్పింది, తెలియనివి కూరగాయలకు వెళ్లినప్పుడు కనుక్కుని తిరిగి ఫోన్ చేసింది. కూతురి పాత నోట్‌బుక్‌లో మిగిలిన పేజీల్లో అన్నీ రాసుకుంది. కుట్టుపని తెలిసినావిడ ఫోన్ నంబరు, యూనిఫాం కుట్టించుకోవాల్సినావిడకు ఇచ్చింది. వాదించే మామగారిని, మరో కాలనీలో వాదన దొరక్క చిక్కిపోతున్న రిటైర్డ్ బస్సు డ్రైవరుతో కలిపింది. వాళ్లిద్దరూ ఇప్పుడు రోజూ పోట్లాడుకుంటూ ప్రాణస్నేహితులయ్యారు. మూడో నెలకల్లా ఆదివారం పొద్దున పార్కులో ఇలా కలిసినవాళ్లు ముప్పైమంది పోగయ్యేవారు. ఆమె పేరు ఎవరికీ తెలియదు. అందరికీ ఆమె స్వాగతమక్క.

మొదట్లో “ఈ ఫోను గోలేమిటే?” అని విసుక్కున్న అత్తగారు, కోడలు స్నానానికి వెళ్లినప్పుడు ఒకసారి తానే ఫోన్ ఎత్తారు. అంతే, రుచి తెలిసిపోయింది. “ఏ వీధమ్మా మీది? ఆ ఇంటాయనా? నల్లా విప్పితే మూడు రోజులు నీళ్లు ఎర్రగా వస్తాయి, అవి గుడ్డలకు వాడకు” అని, ఇంటి యజమానుల గుణగణాలతో సహా చెప్పేవారు. కోడలు తల తుడుచుకుంటూ బయటికొస్తే, “ఇదిగో, అసలావిడ వచ్చింది, నేను అసిస్టెంటుని” అని ఫోన్ అందించేవారు.

రెండు నెలలు అన్నది ఎనిమిది నెలలైంది. ఈలోపు ఆఫీసులో ప్రచారాధికారికి మంచి పేరొచ్చింది. కొత్తవాళ్లు ఈ ఊరిని మెచ్చుకుంటున్నారని మేయరమ్మ సభలో చెప్పింది, ఆయన్ని లేపి చప్పట్లు కొట్టించింది. ఆయన ఇంటికొచ్చి, పూలగుత్తి బల్లమీద పెట్టి, “ఇందులో నీ పాత్ర కూడా కొంత ఉందోయ్” అన్నాడు పెద్దమనసుతో. తర్వాత అసలు సంగతి చెప్పాడు. గ్రంథాలయం కింది అంతస్తులో స్వాగత కేంద్రం పెడుతున్నారు. ఒక గది, ఒక బల్ల, ఒక కుర్చీ, జీతమున్న ఒక ఉద్యోగం. దరఖాస్తులకు శుక్రవారం ఆఖరు.

ఆమె చేతిలోని గరిటె ఆగిపోయింది. ఆ కుర్చీ ఆమెకు కావాలి. ఎంతగా కావాలంటే, అంత కోరిక తనలో ఇంకా మిగిలుందని తెలిసి సిగ్గేసింది, ఆ సిగ్గు మీద మళ్లీ కోపమొచ్చింది. “నేను పెడతాను దరఖాస్తు” అంది.

“నువ్వా?” ఆయన నవ్వాడు, చెడ్డ నవ్వేం కాదు, బస్సు సంగతికి నవ్విన నవ్వే. “నీకెందుకోయ్ ఆ హైరానా? ఆఫీసు టైములూ, రిజిస్టర్లూ... మా గుమాస్తా ఒకడున్నాడు, వాణ్ణి కూర్చోబెట్టిస్తా. వాడికేమీ తెలీదనుకో. నువ్వు ఊరికే ఫోన్లో చెబుతూ ఉండు, వాడు అక్కడ చెబుతుంటాడు. ఇంటి పనీ ఆగదు, ఊరి పనీ ఆగదు.”

ఆమె ఏదో అనబోయేంతలో, బఠాణీలు ఒలుస్తున్న అత్తగారు తలెత్తకుండానే అన్నారు: “నేనూ నలభై ఏళ్లు ఊరికే ఉన్నాన్రా. ఒళ్లు హూనమైపోయింది.”

కొడుకు టీవీ పెట్టుకున్నాడు. అత్తగారు ఒలిచిన గింజలు కోడలి ముందుకు జరిపి, గొంతు తగ్గించి, “శుక్రవారం అంటే ఎల్లుండే” అన్నారు.

దరఖాస్తులో పేరు, చదువు, పాత అనుభవం రాయడం తేలికే. ‘ప్రస్తుతం ఏం చేస్తున్నారు?’ అన్నచోట ఆమె చాలాసేపు ఆగింది. గృహిణి అని రాసి కొట్టేసింది. సేవ అని రాసి, అదీ కొట్టేసింది. చివరికి ఒక వాక్యం రాసి, తనలో తనే నవ్వుకుని, కాగితం మడిచింది.

ఇంటర్వ్యూకి పిలిచిన రోజు ఆయనకు సెలవు. ఆమె ఇస్త్రీ చీర కట్టుకుని, ఫోన్, నోట్‌బుక్ తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది. “ఇదేమిటి?” అన్నాడాయన. “ఒక రెండు గంటలు చూసుకోండి. మీరెలాగూ ఇవాళ ఊరికే ఇంట్లోనే ఉంటారుగా” అంది. ఆయన నోరు తెరిచేలోపే ఫోన్ మోగింది.

గ్రంథాలయం పై గదిలో మేయరమ్మ, గ్రంథపాలకుడు కూర్చుని ఉన్నారు. మేయరమ్మ కళ్లద్దాలు సరిచేసుకుని దరఖాస్తు చదివింది, మళ్లీ చదివింది.

“ఇదేమిటమ్మా, ‘ఎనిమిది నెలలుగా ఊరికే పని చేస్తున్నాను’ అని రాశారు? ఊరికే అంటే జీతం లేకుండా అనా, ఈ ఊరి కోసమే అనా?”

“రెండూనండీ” అంది ఆమె. “మొదటిది మానేసి, రెండోది ఉంచుకుందామని వచ్చాను.”

గ్రంథపాలకుడు ఫక్కున నవ్వి, నవ్వు మధ్యలో ఆగి ఆమె వైపు పరీక్షగా చూశాడు. “ఉండండుండండి. ఈ గొంతు... చంటిపిల్లల్ని ఎత్తుకొచ్చేవాళ్లకి కిటికీ పక్క బెంచీ ఇమ్మని నాకు ఫోన్ చేసింది మీరేనా? స్వాగతమక్క?”

మేయరమ్మ కళ్లద్దాలు తీసేసింది. “మరి ఆ పుస్తకంలో నంబరు ఆఫీసుది కాదా?”

“నాదేనండీ. మావారు ప్రచారాధికారి. పొరపాటున పడింది. పుస్తకంలో దిద్దని తప్పు అదొక్కటే.”

ఆ తర్వాత ఒక గంటసేపు వాళ్లు అడగడం తక్కువ, ఆమె చెప్పడం ఎక్కువ. లేచేటప్పుడు మేయరమ్మ అంది: “సోమవారం పొద్దున పదింటికి రండి. బల్ల కిటికీ దగ్గర వేయించమంటారా, తలుపు దగ్గరా?”

“తలుపు దగ్గరండీ. కొత్తవాళ్లు లోపలికి రావడానికి మొహమాటపడతారు.”

తిరుగు ప్రయాణంలో సంతోషం పట్టలేక పదకొండో నంబరు బస్సు ఇటువైపే ఎక్కేసింది. అది ఊరంతా తిప్పింది. ఎక్కడా దిగాలనిపించలేదు, కిటికీ పక్క కూర్చుని ఊరు చూసుకుంది.

ఇంటికొచ్చేసరికి ఆయన నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. జుట్టు రేగిపోయి ఉంది. చుట్టూ కాగితాలు. అత్తగారు కుర్చీలో కూర్చుని తీరిగ్గా సలహాలిస్తున్నారు. “పదిహేడు కాల్సోయ్!” అన్నాడాయన ఆమెను చూడగానే. “ఒకావిడకి నవ్వని టీచరు కావాలట! అందరూ ‘అక్క లేదా’ అనే అడుగుతారు. తల ప్రాణం తోకకొచ్చింది. రోజూ ఇలాగేనా?”

“ఆదివారం ఇంకొంచెం ఎక్కువ” అంది ఆమె చెప్పులు విడుస్తూ. “ఉద్యోగం వచ్చింది. సోమవారం నుంచి.”

ఆయన ముఖంలో ఒకదాని తర్వాత ఒకటి చాలా వచ్చి వెళ్లాయి. నిజంగా కొంత సంతోషం కూడా వచ్చింది, ఆమె చూసింది. ఆఖరికి భయం వచ్చి అక్కడే నిలబడిపోయింది.

“అది సరే... మరి పొద్దున డబ్బాలు? పాప లెక్కలు? అమ్మ మందులు? ఆ స్టవ్వు ఎలా వెలిగించాలో కూడా నాకు సరిగ్గా...”

ఆమె ఆయన ఎదురుగా నేలమీదే కూర్చుంది. ఎనిమిది నెలలుగా ఎంతోమందితో మాట్లాడిన గొంతుతోనే, అంతే ఓపిగ్గా, అంతే ఆప్యాయంగా అంది:

“కంగారు పడకండి. మొదట్లో అందరికీ అలాగే ఉంటుంది. కాగితం, పెన్నూ తెచ్చుకోండి.”