బోర్డుకు చెవి లేదు

ఆదివారం పొద్దున ఏడింటికే చంద్రకళ టీవీ ముందు స్టూలు వేసుకుని కూర్చుంది. పదకొండింటికి ఆసుపత్రి నుంచి వీడియో కాల్ వస్తుంది. పదకొండుంబావుకు నర్సు ఆపమంటుంది. ఆ పదిహేను నిమిషాల్లో అత్త తాయారమ్మ, ఆమె అన్న గోవిందస్వామి ఒకరి మాట ఒకరు వినాలి. మర్నాడు గోవిందస్వామి గొంతుకు ఆపరేషను. గడ్డతోపాటు స్వరపేటిక కూడా తీసేస్తామని డాక్టర్లు ముందే చెప్పారు. మనిషి బతకొచ్చు. మాట మాత్రం ఈ రోజుతో సరి.

తాయారమ్మ వెళ్ళి చూసే స్థితిలో లేదు. తుంటి ఎముక విరిగి ఏడు నెలలయింది. వాషర్‌మెన్‌పేట్‌లో వాళ్ళుండేది మూడో అంతస్తు. మెట్ల మీద ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు అతుక్కోవాలి. పైగా ఆమెకు చూపు సగం, వినికిడి సగం. సెల్‌ఫోను చెవి దగ్గర పెడితే ముఖం కనపడదు, ముఖం ముందు పెడితే మాట వినపడదు. పెదవులు చూస్తూ వింటేనే ఆమెకు మాట అందుతుంది. అందుకే ఆమె కొడుకు, చంద్రకళ భర్త శివరామ్ అరచేతంత కంప్యూటరు బోర్డు ఒకటి కొనుక్కొచ్చి, పాత ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాలో బిగించి, టీవీకి తగిలించాడు. టీవీ నెత్తిన చిన్న కెమెరా కూర్చోబెట్టాడు.

"మామ ముఖం తలుపంత కనపడతాది మా. గొంతు వీధి చివరికి వినపడతాది" అన్నాడు తల్లితో. అది సెప్టెంబరు నెల.

అక్టోబరులో ఆయుధ పూజ అయిన ఆరో రోజున, అంబత్తూరులో తను పనిచేసే లేతు పట్టరై కార్ఖానా ముందు బండికి స్టాండు వేస్తూ శివరామ్ కూలిపోయాడు, మళ్ళీ లేవలేదు. నలభై ఆరేళ్ళు. ఆ డబ్బా మీద ఐదు వారాల పాటు ఎవరి చెయ్యీ పడలేదు.

చంద్రకళ తెలుగు బడిలో టీచరు. ఇరవై రెండేళ్ళుగా తెలుగూ లెక్కలూ చెబుతోంది. కంప్యూటర్ల సంగతి ఆమెకు తెలియదు. తెలిసిందల్లా తప్పు వెతికే పద్ధతి. లెక్క తప్పిన పిల్లవాడికి ఆమె చెప్పేది ఒకటే: కొట్టేసి మొదలుపెట్టొద్దు, ఏ వరుసలో తప్పిందో చూడు, ఒక్కసారికి ఒక్కటే మార్చు. ఆ ప్రకారం ఒక కాగితం మధ్యలో గీత గీసి, ఎడమవైపు 'చేసింది', కుడివైపు 'జరిగింది' అని రాసుకుంది. గురువారం నుంచి ఎనిమిది వరుసలు నిండాయి.

గురువారం బొమ్మ వచ్చింది, శబ్దం లేదు. శుక్రవారం సాయంత్రం శివరామ్ నోటుపుస్తకం తీసింది. అతను చదివింది తమిళ మీడియం. ఇంట్లో మాట తెలుగు, చేతిలో అక్షరం తమిళం. తెలుగు మాటల్నే తమిళ లిపిలో రాసుకునేవాడు. తెలుగు టీచరు మొగుడికి తెలుగు రాదని బడిలో తోటివాళ్ళు ఆమెను ఎగతాళి చేసేవాళ్ళు. ఆ రాత పైకి చదివితే గాని అర్థం కాదు. చంద్రకళ పైకి చదివింది. "సౌండు టీవీలో రాకపోతే గాబరా పడగూడదు. బోర్డు దాన్ని గుండ్రటి బొక్కలోకి పంపిస్తా ఉంటాది. టీవీకి మార్చాల." అతని యాస తన నోట్లోంచి వచ్చేసరికి ఆ వరుసే ఇంకోసారి చదివింది. తర్వాత నోటుపుస్తకంలో ఉన్న ప్రకారం మార్చింది.

శనివారం గోవిందస్వామి గొంతు టీవీలోంచి గరగరమంటూ వచ్చింది. "తాయీ" అన్నాడు. "ఉండానన్నా, ఈడనే ఉండా" అంది తాయారమ్మ. అతనికి వినపడలేదు. మళ్ళీ "తాయీ" అన్నాడు. ఆమె మళ్ళీ పలికింది. చంద్రకళ తన సెల్‌ఫోనులో కూడా అదే కాల్ తెరిచి పక్కన పెట్టి చూసింది. రెండూ కలిసి కీచుమని కూశాయి. అవతల నర్సు చెవులు మూసుకుంది. ఆ మోత ఆపాక గోవిందస్వామి మూడోసారి పిలిచి, కూతురు మధుమిత వైపు తిరిగాడు.

"ఆడ ఎవురూ పలకడంలా. ఆపేయ్ మధూ."

తెర నల్లబడిన తర్వాత కూడా తాయారమ్మ "ఉండానన్నా" అంటూనే ఉంది.

ఇప్పుడు ఆదివారం. మంచం మీద నుంచి తాయారమ్మ అడిగింది. "అమ్మాయ్, పలికిందా ఆ పెట్టె?"

"ఇంకా లేదత్తా."

"టీచరమ్మవి గదా. పిలకాయల్ని అరిచినట్టు దాన్నీ అరువు."

"అరిచినా దానికి వినపడటంలా. అదే గదా తప్పు."

తాయారమ్మ చిన్నగా నవ్వింది. ఐదు వారాల్లో అది మొదటిసారి. నవ్వి, "వాడుంటే..." అని, మిగతాది మింగేసింది.

చంద్రకళ తన ఇయర్‌ఫోన్లు తెచ్చి బోర్డు పక్కనున్న గుండ్రటి రంధ్రంలో గుచ్చింది. వాటి తీగకు మైకు ఉంది. పలికి చూసింది. ఏమీ లేదు. నోటుపుస్తకంలో మరో నాలుగు పేజీలు తిప్పితే దానికి జవాబు దొరికింది. "ఇయర్‌ఫోను మైకు పెట్టినా పని జరగదు. ఆ బొక్క చెప్పేదే, వినేది కాదు. బోర్డుకు చెవి లేదు. కెమెరాకే ఉండాది."

తొమ్మిదింటికి మధుమిత ఫోను చేసింది.

"అక్కా, నాయన నిన్నటి నుంచి గొంతు దాచుకుంటా ఉండాడు. డాక్టరు అడిగినా చేత్తోనే చెప్తాండాడు. అత్తతో మాట్లాడేదానికంట. ఇన్నికి ఒరు నాళ్ అక్కా, ఈ ఒక్కరోజు పనిచేస్తే చాలు."

"చూస్తా ఉండానమ్మా."

"మీకు శ్రమగా ఉంటే వద్దక్కా. ఇట్లాంటప్పుడు మిమ్మల్ని..."

"చూస్తా ఉండా లే" అని చంద్రకళ పెట్టేసింది.

తెర మీద మైకుల జాబితా తెరిచింది. కెమెరా పేరే ఎంచుకుని ఉంది. దాని కింద ఒక సన్నటి గీత; శబ్దం లోపలికి వెళితే అది ఆకుపచ్చగా సాగాలి. చంద్రకళ పలికింది. కదలలేదు. గట్టిగా, వెనక బెంచీ దాకా వినపడే గొంతుతో హాజరు పట్టీలో పేర్లు చదివింది. కదలలేదు. వైరు సరిగా ఉందో లేదోనని చెయ్యి చాచి కెమెరాను వేలితో తట్టింది. గీత చివర ఒక్క చుక్క పచ్చబడి ఆరిపోయింది.

ఆమె మళ్ళీ తట్టింది. మళ్ళీ చుక్క. కాగితం మీద తొమ్మిదో వరుసలో రాసింది: తడితే తెలుస్తోంది, పలికితే తెలియడం లేదు.

అంటే చెవి బతికే ఉంది. మూసుకుపోయింది.

అటక మీద కెమెరా తాలూకు అట్టపెట్టె ఉంది. దాని మీది బొమ్మలో, కెమెరా కంటికి కుడిపక్కన సూది మొనంత రంధ్రం కనపడింది. స్టూలెక్కి కెమెరాను చేతిలోకి తీసుకుంది. కంటికి కుడిపక్కన, సరిగ్గా రంధ్రం ఉండాల్సిన చోట, ఎండిన గంధపు బొట్టు ఉంది.

ఆ రోజు ఆయుధ పూజకు గంధం తీసింది ఆమే. గిన్నె పట్టుకుని ఇల్లంతా తిరిగింది శివరామ్. కుట్టుమిషను, మిక్సీ, గ్యాసు పొయ్యి, ఇనుప పెట్టెలో స్పానర్లు, చివరికి ఆమె ఎర్ర పెన్ను కూడా, దేన్నీ వదలలేదు. మంచం మీద నుంచి తాయారమ్మ అజమాయిషీ.

"ఆ కన్నుదాన్ని వదిలేసినావే నాయనా."

"దానికి యాడ పెట్టేది మా? కంట్లో పెడితే మండతాది."

"పక్కన పెట్టు."

అతను నవ్వుతూ, తల్లి వైపే చూస్తూ పక్కన పెట్టాడు. చెవి ఎక్కడుందో నోటుపుస్తకంలో రాసుకున్నవాడే.

చంద్రకళ కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుతురులో చూసింది. కుంకుమ రాలిపోయింది. గంధం మాత్రం పట్టుకుని ఉంది. దానిలో వేలిముద్ర ఉంది. సన్నటి గీతలు, వాటిని అడ్డంగా కోస్తూ ఏటవాలుగా ఒక నున్నటి చార. లేతు మిషను దగ్గర ఇనుప రజను కోసిన గాయం అది, కుడిచేతి ఉంగరపు వేలికి. పెళ్ళిలో ఆ చెయ్యి పట్టుకున్నప్పుడే ఆమెకు ఆ చార తగిలింది.

పొయ్యి మీది బొట్టు వంటతో పోయింది. మిక్సీ మీదిది ఆమే తుడిచింది, ఆలోచించకుండా. పదమూడో రోజున చుట్టాలు వచ్చి ఇల్లంతా కడిగినప్పుడు మిగతావి పోయాయి. టీవీ నెత్తినున్న దానికి ఎవరి చెయ్యీ అందలేదు.

గడియారంలో పదీ ఇరవై.

సెల్‌ఫోనుతో ఫొటో తీసింది. ఫొటోలో పసుపుపచ్చటి మరక వచ్చింది గాని గీతలు రాలేదు. దగ్గరగా తీసింది, ఇంకాస్త మసకబారింది. మూడోది తీయలేదు. ఫ్యాను ఆపింది. కింద ఒక తెల్లకాగితం పరిచి, సూది తెచ్చుకుంది. రంధ్రం దగ్గర మాత్రం గుచ్చి, చుట్టూ ఉన్నది మిగుల్చుకుందామనుకుంది. సూది తగలగానే బొట్టు మధ్యలో చీలి, రెండు పెంకులుగా కాగితం మీద పడింది. పడి పొడి అయింది.

"ఏంది, ఫ్యాను ఆపినావు?" అంది తాయారమ్మ.

"ఒక్క నిమిషం అత్తా."

రంధ్రంలో మిగిలినదాన్ని సూదితో రెండుసార్లు తీసింది. గుడ్డతో తుడవలేదు. కాగితాన్ని విభూతి పొట్లంలా మడిచి, నోటుపుస్తకంలో చెవి గురించి రాసిన పేజీలో పెట్టింది. కెమెరాను దాని చోట కూర్చోబెట్టి ఫ్యాను వేసింది. మంచం మీద తాయారమ్మ దగ్గింది. తెర మీద పచ్చగీత ఈ చివరి నుంచి ఆ చివరిదాకా సాగింది.

పదకొండింటికి గోవిందస్వామి ముఖం వచ్చింది, శివరామ్ చెప్పినట్టు తలుపంత. బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి.

"తాయీ."

"ఉండానన్నా."

అతను పక్కకు తిరిగి మధుమితతో, "వినపడతాండాదే" అన్నాడు.

"ఏమన్నా చెప్పన్నా" అంది తాయారమ్మ.

"ఏం చెప్పేది. నీ కొడుకు పోతే రాలేకపోతిని. నోరుండాది గదా, చెప్పు అంటే ఏం చెప్పేది."

"ఏదన్నా చెప్పు. నేను ఊఁ అంటా."

తిరువొత్తియూరులో చిన్నప్పుడు అన్న కథ చెబితే చెల్లెలు ఊఁ కొట్టాలి. ఊఁ ఆగితే ఆ రాత్రికి కథ కూడా ఆగిపోయేది. చంద్రకళకు ఆ సంగతి శివరామ్ చెప్పాడు.

గోవిందస్వామి నీళ్ళు ఒక గుక్క తాగాడు.

"శివుడికి ఏడేండ్లు అప్పుడు. మా ఇంట్లో రేడియో ఉండె గదా."

"ఊఁ."

"నేను లేనప్పుడు విప్పేసినాడు. మళ్ళా బిగించినాడు. ఒక మరమేకు మిగిలిపోయింది."

"ఊఁ."

"నేను తిడతానని దాన్ని నోట్లో పెట్టుకున్నాడు. అన్నానికి పిలిస్తే రాడు. అడిగితే పలకడు. నువ్వేమో బిడ్డకు దిష్టి తగిలిందని మిరపకాయలు తీస్తివి."

తాయారమ్మ ఊఁ అనలేదు. పెదవులు బిగించింది. గోవిందస్వామి ఆగాడు, చిన్నప్పటిలాగే.

"ఊఁ" అంది ఆమె, కాసేపటికి.

"ఆ రేడియో పలికింది తాయీ. మర లేకుండానే పదేండ్లు పలికింది. ఆ మర నా కాడనే ఉండాది. నీకిమ్మని మధుకు చెప్పినా."

నర్సు వచ్చి గడియారం చూపించింది. అతను చెయ్యెత్తి ఒక్క నిమిషం అడిగాడు.

"రేపట్నుంచి నువ్వే చెప్పాల. నేను తలకాయ ఊపతా. ఊఁ గూడా అనలేను."

"సరేన్నా."

"శివుడి పెట్టె బాగుండాది" అన్నాడు. తెర నల్లబడింది.

కింద వీధిలో ఎవరో షట్టరు ఎత్తారు.

"ఇన్నాళ్ళూ ఏందమ్మాయ్ తప్పు?" అని అడిగింది తాయారమ్మ.

పక్కన పెట్టమన్నది ఆమే. ఆ మాట ఆమెకు గుర్తుందో లేదో చంద్రకళ అడగదలచుకోలేదు.

"దుమ్ము అత్తా."

"నువ్వు తుడవలా?"

"ఈరోజు తుడిచినా."

కాల్ బొమ్మ పోయిన తెర మీద మైకుల జాబితా, దాని కింది గీత మళ్ళీ వచ్చి ఉన్నాయి. వాళ్ళు పలికిన ఒక్కొక్క మాటకూ పచ్చగీత సాగి, తగ్గింది. చంద్రకళ కాగితం తీసి పదో వరుసలో, 'జరిగింది' కింద, 'పలికింది' అని రాసింది. 'చేసింది' కింద రాయడానికి పెన్ను పెట్టింది. ఆ గడి మీద పెన్ను చాలాసేపు ఆగింది. పచ్చగీత కదలకుండా ఉంది.